పుట్టిలోంచి చూసిన నిజాంసాగర్

నిజాంసాగర్ చూడబోయినవాళ్ళు సాధారణంగా ఆనకట్ట మీద కాసేపు తిరిగి, గేట్ల దగ్గర నిలబడి ఒక ఫొటో దిగి, చీకటి పడకముందే బాన్సువాడ బస్సు అందుకుంటారు. నేను అక్కడికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఆనకట్టను దూరం నుంచే చూశాను. నాకు పని పడింది దాని వెనుక నిలిచిన నీళ్ళతో. అవతలి ఒడ్డు మబ్బు రోజున కనబడదు. కనబడిన రోజున, ఈది వెళ్ళిపోవచ్చు అన్నంత దగ్గరగా అనిపిస్తుంది. రెండూ మోసమే.

మాది కాకినాడ. పడవ ఇంజిన్లు బాగుచేస్తాను, నడుపుతాను, నడపడం నేర్పుతాను. మా బావమరిది సూర్యారావు కుటుంబం వర్ని పక్కన కాలువ కింద పొలాలు కొనుక్కుని చాలా కాలం కిందటే స్థిరపడింది. వెనుక నీళ్ళకు అవతల ఉన్న లంబాడీ తండాల జనం బాన్సువాడ రావాలంటే చుట్టూ తిరిగి రోజంతా నడవాలి, లేదా పుట్టిలో దాటాలి. పుట్టి అంటే వెదురుతో బుట్టలా అల్లి, కింద తారు పూసిన గుండ్రటి పడవ. అక్కడొక ఇంజిన్ పడవ వేస్తే బాగుంటుందని సూర్యారావుకు తోచింది. నేను వెళ్ళి ఇంజిన్ బిగించి, గంగారాం అనే అతనికి పన్నెండు రోజులు నేర్పి వచ్చాను. అది మొదటి ప్రయాణం. దాని గురించి చెప్పుకోవడానికి మంచి తిండీ మంచి ఎండా తప్ప ఏమీ లేదు.

ఏడాది తిరగకముందే ఉత్తరం వచ్చింది. “గాలికి ఒక పుట్టి తిరగబడి తండా మనిషి ఒకామె పోయింది బావగారూ. అప్పటి నుంచి గంగారాం పడవ ముట్టుకోవడం లేదు. మీరొకసారి వచ్చి ఇంజిన్ చూసి, ఇంకెవరికైనా నేర్పి వెళ్ళండి.” అంతే. ఎనభై రెండులో, దసరా వెళ్ళిన వారానికి బయలుదేరాను.

చిన్న పట్టాల బండి

సికింద్రాబాదులో బండి మారాలి. అక్కడి నుంచి నిజామాబాదుకు చిన్న పట్టాల రైలు. మన వైపు రైళ్ళకు అలవాటైనవాడికి అది బొమ్మబండిలా ఉంటుంది. ఎదుటి బల్ల మీద కూర్చున్న మనిషి మోకాళ్ళు మన మోకాళ్ళకు తగులుతాయి కాబట్టి మాట్లాడక తప్పదు. నా ఎదురుగా నాందేడు వెళ్తున్న ఒక ముసలాయన, ఆయన కోడలు. ఆయన మరాఠీలో మొదలుపెట్టి, నా ముఖం చూసి ఉర్దూలోకి, అక్కడి నుంచి తెలుగులోకి దిగాడు. మూడు భాషల్లోనూ అడిగింది ఒకటే: “మీ దిక్కు వానలెట్లున్నయి?”

నాకు ఒక చిన్న ప్రమాదం కూడా ఇక్కడే జరిగింది. తమ్ముడి కోసం మా ఆవిడ పంపిన ఆవకాయ జాడీ కామారెడ్డి దాటాక పై బల్ల మీద ఒరిగి, మూత ఊడి, నా సంచీలోకి కారింది. ఉన్న రెండు చొక్కాలూ ఎర్రబడ్డాయి. ముసలాయన కోడలు తన నీళ్ళ చెంబు ఇచ్చింది. కడిగేకొద్దీ మరక పరుచుకుంది. వెళ్ళేది చావు జరిగిన చోటికి, నా ఒంటి నిండా ఆవకాయ వాసన. రైలు దిగేదాకా తల ఎత్తలేదు. బయట సన్నగా తుంపర. అది నేను తిరిగి వచ్చేదాకా వదల్లేదు.

వర్ని

వర్ని చుట్టుపక్కల దిగితే పరాయి చోటికి వచ్చినట్టు ఉండదు. కాలువ గట్లు, కోతకు వంగిన వరి, వాకిట్లో మన ముగ్గు, ఇంట్లో మన పులుసు. కానీ పొలంలో పని చేసేవాళ్ళ మాట వేరు, వాళ్ళు విప్పుకునే సద్దిమూట వేరు. వాళ్ళది జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల కారం. సూర్యారావు ఇంట్లో మాత్రం మూడు పూటలా అన్నమే. ఒకే గట్టు మీద రెండు జిల్లాలు కూర్చుని భోంచేస్తున్నట్టు ఉంటుంది.

భోజనమయ్యాక సూర్యారావును అడిగాను, ఆ రోజు ఏం జరిగిందని.

“గాలండీ బావగారూ. శ్రావణంలో ఎలా వీస్తుందో మీకు తెలీదు. పోలీస్ స్టేషన్లో కూడా గాలి అనే రాయించాం. తండావాళ్ళూ ఒప్పుకున్నారు. పాపం, గంగారామే ముగ్గుర్ని నీళ్ళలోంచి తీశాడు.”

“మరి ఎందుకు మానేశాడు?”

“భయపడ్డాడు. ఇప్పుడు బాన్సువాడలో రైసుమిల్లులో బస్తాలు మోస్తున్నాడు. వాణ్ణి వదిలేయండి. కొత్తవాణ్ణి చూశాను.”

“పడవలో ట్యూబులు పెట్టమన్నాను. పెట్టావా?”

లారీ చక్రాల పాత ట్యూబులు గాలి కొట్టి పడవలో వేస్తే, నీళ్ళలో పడ్డవాడికి పట్టుకోవడానికి పనికొస్తాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు నాలుగుసార్లు చెప్పాను. సూర్యారావు గ్లాసులో మిగిలిన మజ్జిగ తాగి, “కొందామనే అనుకున్నానండీ” అన్నాడు. అతని భార్య లోపలికి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ అడగలేదు. కానీ కొత్తవాణ్ణి చూడకముందు పాతవాణ్ణి చూడాలని అప్పుడే అనుకున్నాను.

బాన్సువాడ

వర్ని నుంచి బాన్సువాడ బస్సులో మనుషులకంటే మూటలు ఎక్కువ. కండక్టరు ఒక్కో మూటనూ పేరు పెట్టి పిలుస్తాడు: “ఓ చెరుకుగడలన్నా, జర లోపటికి జరుగు.” చెరుకుగడల యజమాని జరిగాడు, గడలు నా చెవి పక్కనే ఉండిపోయాయి.

బస్టాండు ఎదుట హోటల్లో చాయ్ సాసర్లో పోసుకుని తాగే అలవాటు అందరికీ ఉంది. మన దగ్గర అలా తాగితే పల్లెటూరివాడంటారు. ఇక్కడ వకీలు గుమాస్తా కూడా సాసరే ఎత్తుతాడు. చాయ్ నలభై పైసలు, నోట్లో వేసుకుంటే కరిగే ఉప్పు బిస్కట్టు పది పైసలు. హోటలాయనను గంగారాం గురించి అడిగితే వెంటనే గుర్తుపట్టాడు.

“గా పడవ గంగారామా? మిల్లుల ఉంటడు. మంచోడు. ముగ్గురి పానం కాపాడిండు. కని ఎవలన్న గా ముచ్చట తీస్తె లేసి పోతడు. చాయ్ గుడ తాగడు.”

మిల్లు ఆవరణలో అతను నన్ను చూసి బస్తా దించాడు. ఏడాదిలో మెడ వంగిపోయింది. ముఖానికి ఊకధూళి. “మేస్త్రీ” అన్నాడు. పని ముగిశాక ఇంటికి తీసుకెళ్ళాడు. ఒకటే గది, రేకుల కప్పు. భార్య సాయవ్వ రొట్టెలు చేస్తోంది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, అంటే మన గోంగూరే. రొట్టె పెనం మీద నుంచి నేరుగా కంచంలోకి వచ్చింది. గంగారాం తినలేదు.

“ఇంజిన్ల ఏం ఖరాబు లేదు మేస్త్రీ” అన్నాడు. “గాలి గుడ లేదు ఆ దినం.”

సాయవ్వ చేతిలోని పిండిముద్ద గిన్నెలో పడేసి, “అన్నా, ఆయనను ఏమడగకు” అంది నాతో.

కానీ అతను చెప్పాడు. గోడ వైపు తిరిగి చెప్పాడు.

“పెండ్లికి పోయేటోళ్ళు ఎనమండుగురు ఎక్కిన్రు. ఆరుగురికంటె ఎక్కియ్యొద్దని మీరు చెప్పిన్రు. ఎక్కిచ్చుకున్న. బస్సు పోతది, జోరుగ తోలు గంగారామన్నా అన్నరు. తోలిన. నడుమల ఒక పుట్టి ఎదురొచ్చింది. నలుగురున్నరు. నేను చూసిన మేస్త్రీ. చూడలే అని ఎవలకన్న చెప్పొచ్చు గని, చూసిన. తాకకుంట పోతె చాలు అనుకున్న. పక్కపొంటి పోయిన. తాకలే. ఎనకకు తిరిగి చూస్తె పుట్టి బోర్ల పడ్డది.”

“తర్వాత?”

“పడవ ఎనకకు మలిపిన. మీరు చెప్పినట్టె దూరంలనే ఇంజిన్ బంద్ చేసిన, నీళ్ళల్ల మనుషులుంటె ఇంజిన్ పంక తిరుగంగ దగ్గరికి పోవద్దన్నరు గద. తెడ్డేసుకుంట పోయిన. ముగ్గురు దొరికిన్రు. ఆమె దొరకలే. లంబాడోళ్ళ బట్టలు మీకెరికే గద, అద్దాలు, పైసల దండలు, చేతులనిండ గాజులు. మునిగితె తేలదు.” కాసేపు ఆగి, “ఇంజిన్ తోనే దగ్గరికి పోతె దొరికేదేమొ. గదే రోజు యాదికొస్తది” అన్నాడు.

“లేదు గంగారాం. ఇంజిన్‌తో వెళ్ళుంటే ఆ ముగ్గురికీ పంక తగిలేది. అది నువ్వు సరిగ్గానే చేశావు.”

అతను తల ఊపలేదు. నాకు మాత్రం అతను చెప్పని సంగతి ఒకటి గుర్తుకొచ్చింది.

నేర్పిన పన్నెండు రోజులూ నేను చెప్పిందే చెప్పాను. పుట్టి కనబడితే వంద గజాల ముందే తగ్గించు. మలుపు తిప్పేముందు వెనక్కి చూడు. గాలి లేస్తే బయలుదేరకు. అతను అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి అప్పజెప్పేవాడు. ఆఖరి రోజున ఒడ్డున జనం చేరారు. ఇంజిన్ సత్తా చూపించమని సూర్యారావు అన్నాడు. నేను వల వేస్తున్న మూడు పుట్టీల మధ్య నుంచి పూర్తి వేగంతో తీసుకెళ్ళాను. పుట్టీలు ఊగిపోయాయి. అందులోవాళ్ళు తెడ్లు ఎత్తి తిట్టారు. ఒడ్డున జనం ఈలలు వేశారు. నేను నవ్వాను. గంగారాం నా పక్కనే కూర్చుని చూశాడు.

పన్నెండు రోజుల మాటలు ఒక ఎత్తు, ఆ రెండు నిమిషాలు ఒక ఎత్తు. అతను దేన్ని నేర్చుకున్నాడో ఇప్పుడు తెలిసింది.

“తండాకు పోయావా ఎప్పుడైనా?” అని అడిగాను.

“పోలే. ఆమె పెనిమిటి దేవ్లా అని. రెండుసార్లు బజార్ల కలిసిండు. నా మరదల్ని కాపాడినవన్నా అని చెయ్యి పట్టుకున్నడు. గా చెయ్యి ఎట్ల గుంజుకోవాలె మేస్త్రీ?”

“రేపు వెళ్దాం. నేనూ వస్తాను.”

సాయవ్వ లేచి నిలబడింది. “మీకేమన్న పిచ్చా? గాలి అని అందరు ఒప్పుకున్నరు. గిప్పుడు పోయి చెప్తె నరికి నీళ్ళల్ల ఏస్తరు. లేకుంటె జేలుకు పోతడు. నేనేం గావాలె?”

ఆమెకు గంగారామే జవాబు చెప్పాడు. “గిట్ల బస్తాలు మోసుకుంట ఎన్నేండ్లు బతకాలె?” అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. రొట్టె మాడిన వాసన వచ్చింది.

ఒడ్డు

పొద్దున బస్టాండు పక్కన టైర్లు అతికే దుకాణంలో నాలుగు లారీ ట్యూబులు కొన్నాను. గాలి కొట్టించి బస్సు కప్పు మీద కట్టిస్తే, దారిపొడవునా చూసినవాళ్ళు చూసినట్టే నవ్వారు. “ఏ సముద్రం ఈదుతరే?” అని ఒకాయన కిటికీలోంచి అరిచాడు. గంగారాం తల దించుకుని కూర్చున్నాడు.

రోడ్డు దిగి మైలు నడిస్తే ఒడ్డు. అక్కడి నల్లరేగడి మట్టి తడిస్తే మనిషిని వదలదు. నా ఎడమ చెప్పును అది మింగేసింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను, దొరకలేదు. మిగతా ప్రయాణమంతా ఆ ఒడ్డునే ఉండే గంగారాం మేనమామ ఇచ్చిన, నాకు రెండు వేళ్ళు పొట్టి అయిన చెప్పులతోనే నడిచాను.

పడవ తుమ్మచెట్ల కింద బోర్లించి ఉంది. ఇంజిన్ను ఆ మేనమామ గుడిసెలో గోనెసంచి కప్పి దాచారు. పడవను నీళ్ళలోకి దించి, ఇంజిన్ బిగించి, నూనె మార్చి, తాడు లాగితే మూడోసారికి అందుకుంది. ఏ లోపమూ లేదు. ఏదో ఒక లోపం ఉంటే బాగుండునని నేను లోలోపల ఎంత ఆశపడ్డానో అప్పుడు తెలిసింది.

ఇంజిన్ చప్పుడు విని గంగారాం పది అడుగులు వెనక్కి వెళ్ళాడు. “పుట్టిల పోదాం” అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా నీళ్ళ మీద బతుకుతున్నాను కానీ పుట్టి ఎక్కడం అదే మొదలు. ఎక్కేముందు ఇక్కడివాళ్ళు నీళ్ళు తాకి కళ్ళకద్దుకుంటారు. “పైలం తల్లీ” అంటారు. పైలం అంటే జాగ్రత్త. మన దగ్గర ప్రయాణం చేసేవాడికి జాగ్రత్త చెబుతాం. వీళ్ళు నీళ్ళకు చెబుతున్నారు. గంగారాం నిలబడి తెడ్డు వేశాడు. నన్ను అడుగున చతికిలబడి కూర్చోమన్నాడు.

అక్కడ కూర్చున్నాక నాకు తెలియని విషయం ఒకటి తెలిసింది. నీళ్ళు నా మోచేతి ఎత్తులో ఉన్నాయి. అంచుకూ నీళ్ళకూ మధ్య జానెడు. దూరాన ఎవరో వల విసిరితే పుట్టిన చిన్న అల మా దాకా వచ్చి, బుట్టను ఒక పక్క ఎత్తి దించింది. నా చేతులు వాటంతట అవే వెదురు అంచును పట్టుకున్నాయి. ఇంజిన్ దగ్గర కూర్చున్నవాడు ఎప్పుడూ ముందుకే చూస్తాడు. అతను చేసే అల అతని వెనుక పుడుతుంది. అది ఎవరి దగ్గరికి ఎలా వెళ్తుందో అతను చూడడు. ఇన్నేళ్ళు ఇంతమందికి నేర్పాను కదా, ఒక్కణ్ణి కూడా ముందు పుట్టిలో కూర్చోబెట్టాలని నాకు ఎందుకు తోచలేదు? ఇప్పుడు నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళను మొదటి రోజంతా నాటుపడవలో కూర్చోబెట్టి, పక్కనుంచి లాంచీలు పోతుంటే చూడమంటున్నాను. అది వేరే సంగతి.

నడిమధ్యకు వచ్చాక గంగారాం తెడ్డు ఆపి, “గీడనే” అన్నాడు. అక్కడ ఏమీ లేదు. తుంపర పడుతున్న బూడిదరంగు నీళ్ళు, అంతే.

తండా

తండాలో పదిహేను ఇళ్ళు ఉంటాయి. గడ్డికప్పులు, ఎర్రమట్టి గోడలు. ఆడవాళ్ళ బట్టల అద్దాలు మబ్బు వెలుతురులో కూడా మెరుస్తాయి. వాళ్ళలో వాళ్ళు తమ భాష మాట్లాడుకుంటారు, మనవైపు తిరిగితే తెలుగు. మన పల్లెల్లో కొత్తవాణ్ణి ముందు ఊరూ పేరూ అడుగుతారు. ఇక్కడ ముందు చెంబుతో నీళ్ళిచ్చి, తాగేదాకా ఏమీ అడగలేదు.

గంగారామును చూడగానే ఒకరిద్దరు ఆడవాళ్ళు ఇళ్ళలోంచి వచ్చి నమస్కారం పెట్టారు. దేవ్లా ఎదురొచ్చాడు. ముప్పై ఐదేళ్ళు ఉంటాయి, బక్కపలుచని మనిషి. అతనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మంచం వాల్చాడు. “ఇన్ని దినాలకు వచ్చినవా అన్నా” అన్నాడు. పక్కన అరుగు మీద దేవ్లా తల్లి పడుకుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా గరగరమంటోంది. ఇద్దరు ఆడపిల్లలు ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నారు. తండా పెద్ద, అతన్ని నాయక్ అంటారు, మా చప్పుడు విని వచ్చాడు.

గంగారాం మంచం మీద కూర్చోలేదు. నేల మీద కూర్చున్నాడు.

“దేవ్లన్నా, గాలి గాదు. ఆ దినం గాలి లేదు. పుట్టిని నేను చూసిన. జోరు తగ్గియ్యలే. నా పడవ అలకే తిరగబడ్డది. మోతీబాయి నావల్ల పోయింది.”

నాయక్ దేవ్లా వైపు చూశాడు. దేవ్లా గంగారాం వైపు చూడటం లేదు. తన ఆడపిల్లల వైపు చూస్తూ అన్నాడు.

“గాలి అని చెప్పిన్రు. మూడు నెలల సంది నేను గాలిని తిడుతున్న. పొద్దుగాల లేస్తె గాలి, పండుకుంటె గాలి. నా బిడ్డలకు గుడ గదే చెప్పిన.”

అప్పుడు నేను మాట్లాడాను. ఇతనికి నేర్పింది నేనేనని, నోటితో ఒకటి చెప్పి చేతితో ఇంకొకటి చేసి చూపించానని, ఆ ఆఖరి రోజు సంగతి దాచకుండా చెప్పాను. నా గోదావరి మాట వాళ్ళకు ఎంతవరకు అర్థమైందో తెలియదు. నాయక్ ఒక్కో ముక్కా వాళ్ళ భాషలో ముసలామెకు చెప్పాడు. ఆమె లేచి కూర్చుని ఏదో అంది. నాలుగే నాలుగు మాటలు. నాయక్ వాటిని నాకు తెలుగులో చెప్పలేదు.

“నీ పడవ అలకు ఎవలన్న సచ్చిన్రా?” దేవ్లా నన్ను అడిగాడు.

“లేదు.”

“నీ నసీబు” అన్నాడు. తర్వాత లేచి ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. నాయక్ మెల్లగా, “ఇగ పోండ్రి. ఇయ్యాల ఇగ ఉండొద్దు” అన్నాడు.

ఒడ్డుకు వచ్చేశాం. గంగారాం పుట్టిని నీళ్ళలోకి తోస్తున్నాడు, నేను ఎక్కబోతున్నాను. వెనుక అడుగుల చప్పుడు. దేవ్లా ఒక్కడే. చేతిలో కర్ర లేదు, ఏమీ లేదు. అయినా సాయవ్వ మాటలు గుర్తుకొచ్చి ఒక అడుగు వెనక్కి వేశాను. గంగారాం మాత్రం తెడ్డు వదిలేసి, చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడు, కొడితే కొట్టనీ అన్నట్టు.

“మా అవ్వకు దమ్ము అందుతలేదు” అన్నాడు దేవ్లా. “బాన్సువాడ దవాఖానకు తీస్కపోవాలె. బండి మీద పోతె తొవ్వలనే పానం పోతది. పుట్టిల కూసోలేదు. రేపు పొద్దుగాల ఇంజిన్ పడవ తే.”

“మేస్త్రి నడుపుతడు” అన్నాడు గంగారాం. “నేను నడప.”

“మేస్త్రి వాళ్ళూరికి పోతడు. ఎల్లుండి సంది ఎవలు నడుపుతరు? మా తండకు దవాఖాన వొద్దా? నువ్వే నడుపాలె.” అతను గంగారాం ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. “నేను ముందట కూసుంట. నేను చెయ్యెత్తితె జోరు తగ్గియ్యాలె. దించెదాక పెంచొద్దు.”

గంగారాం ఒప్పుకున్నాననలేదు, కాదనలేదు. కానీ ఒడ్డు చేరాక, పడవ దగ్గరికి వెళ్ళి, ఇంజిన్ను గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. నేను ట్యూబులు పడవలో కట్టాను. ఆ సాయంత్రం మేనమామ భార్య పెట్టిన కొర్రమట్ట పులుసు చాలా బాగుండి ఉంటుంది. నాకు రుచి గుర్తులేదు.

మళ్ళీ నడిమధ్యకు

తెల్లవారాక బయలుదేరి వెళ్ళాం. గంగారాం రెండుసార్లు తాడు లాగి, మూడోసారి లాగే ముందు నా వైపు చూశాడు. నేను ముఖం తిప్పుకున్నాను. ఇంజిన్ అందుకుంది. నేర్చుకునే రోజుల్లో నడిపినదానికంటే మెల్లగా నడిపాడు.

అవతలి ఒడ్డున ముసలామెను గొంగడిలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. ఇద్దరు మనవరాళ్ళనూ ఇంటి దగ్గరే ఉంచారు. పడవలో మేం నలుగురమే. ముసలామెను నడుమ పడుకోబెట్టి, తల కింద ఒక ట్యూబు పెట్టాం. దేవ్లా అన్నట్టుగానే ముందు కొసన, వీపు మావైపు పెట్టి కూర్చున్నాడు. గంగారాంతో మాట్లాడలేదు. పలకరింపు కూడా లేదు. నిన్న చెయ్యి పట్టుకుని మంచం వాల్చిన మనిషీ ఇతనూ ఒకరేనా అనిపించింది.

తుంపర ఆగలేదు. కొంత దూరం వెళ్ళాక ఎడమవైపు ఒక పుట్టి కనబడింది, వల లాగుతున్న ముసలాయన. దేవ్లా చెయ్యి లేచింది. గంగారాం వెంటనే తగ్గించాడు. మా అల పుట్టి దాకా వెళ్ళేలోపే చచ్చిపోయింది. ముసలాయన తల కూడా ఎత్తలేదు. చెయ్యి దిగింది. ఇంకొంత దూరంలో రెండు పుట్టీలు, మళ్ళీ చెయ్యి, మళ్ళీ తగ్గించడం. బాన్సువాడ అంగడికి కూరగాయలు తీసుకెళ్తున్న ఆడవాళ్ళు అందులో. ఒకామె మమ్మల్ని గుర్తుపట్టి, పలకరించబోయి, ఆగిపోయింది.

తర్వాత ఖాళీ నీళ్ళు. ఏ వైపు చూసినా పుట్టి లేదు, వల లేదు, కనీసం కొంగ కూడా లేదు. ముసలామె గరగర ఇంజిన్ చప్పుడును దాటి వినబడుతోంది. ఆలస్యమవుతోందని నాకు కంగారుగా ఉంది. కొంచెం పెంచమని గంగారాముకు సైగ చేద్దామనుకున్నాను కూడా.

దేవ్లా చెయ్యి ఎత్తాడు.

ముందు ఏమీ లేదు. నేను లేచి చూశాను, ఏమీ లేదు. గంగారాం నన్ను చూడలేదు, తగ్గించి ఊరుకోలేదు కూడా. ఇంజిన్ పూర్తిగా ఆపేశాడు. అప్పుడు నాకు అర్థమైంది ఎక్కడున్నామో.

పడవ మెల్లగా జరుగుతూ, కాసేపటికి జరగడం కూడా మానేసింది. చప్పుడల్లా పడవ పక్కలకు నీళ్ళు తగిలేదీ, ముసలామె ఊపిరీ. గంగారాం ఇంజిన్ మీద తల ఆనించి కూర్చున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. దేవ్లా వెనక్కి తిరగలేదు. చెయ్యి అలాగే పైకెత్తి ఉంచాడు. వానచుక్కలు మోచేతి మీదుగా చొక్కాలోకి కారుతున్నా, అది బరువెక్కి వణుకుతున్నా దించలేదు.

చివరికి దించాడు.

“ఇగ పో” అన్నాడు.